ట్రాక్టర్ ఆయిళ్లు, ఫిల్టర్లు: షోరూంలో కొనాలా, బయట కొనాలా?

దమ్ము మొదలవడానికి వారం ముందు మా పల్నాడులో ఏ ట్రాక్టర్ దగ్గర ఆగినా ఇదే మాట నడుస్తుంటుంది. షోరూంలో ఆయిల్ డబ్బా ఒక రేటు. బజారులో అదే గ్రేడు ఇంకో రేటు. మెకానిక్ సంచీలో తెచ్చేది మూడో రేటు. "కంపెనీదే పోయించు బాబాయ్, తర్వాత టెన్షన్ ఉండదు" అని ఒకరంటారు. "డబ్బా మీద బొమ్మకే డబ్బులు, లోపల అదే నూనె" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, బండిలో పోసే అన్నిటికీ ఒకే జవాబు వెతుక్కుంటాం. గ్రీజుకు పనికొచ్చే జవాబు ఎయిర్ ఫిల్టరుకు పనికిరాదు.

మా ఇంట్లో రెండు ట్రాక్టర్లున్నాయి. ఒకటి డ్రై బ్రేకులున్న పాత బండి, రెండోది ఆయిల్ బ్రేకుల బండి, అంటే బ్రేకు ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉండేది. మెట్టలో మిరప, పత్తి, సాగర్ కాలువ కింద కొంత మాగాణి. అంటే దుమ్ములోనూ నడపాలి, బురదలోనూ నడపాలి. ఒక ఇంజిన్ పాడుచేసుకున్నాకే నేను ఈ పద్ధతికి వచ్చాను. వరుసగా చెబుతాను.

1. ముందు బండి పుస్తకం తీయండి

షాపుకు వెళ్లి "నలభై ఐదు హెచ్‌పీ బండికి ఆయిల్ ఇవ్వండి" అని అడగొద్దు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ చోట ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలకు మార్చాలి అని ఒక పట్టిక ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పుస్తకం పోయిందంటే షోరూం సర్వీసు కౌంటర్లో అడిగి, వాళ్ల దగ్గరున్న పట్టికను ఫొటో తీసుకోండి.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద చూడాల్సినవి రెండు. ఒకటి చిక్కదనం: ఎస్‌ఏఈ 15డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. రెండోది నాణ్యత తరగతి: ఏపీఐ సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4 లాంటివి. "సీ"తో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్లకు, "ఎస్"తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజిన్లకు. పుస్తకంలో సీహెచ్-4 అని ఉంటే సీఐ-4 పోయొచ్చు, ఇబ్బంది లేదు. సీఐ-4 అడిగిన బండిలో సీఎఫ్-4 పోయకూడదు.

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాత కొన్న పెద్ద బండ్లలో సీఆర్‌డీఐ (డీజిల్‌ని చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే) ఇంజిను, కొన్నిటిలో పొగ శుద్ధిచేసే ఫిల్టర్లు ఉంటాయి. వాటికి పుస్తకంలో ఏ తరగతి రాశారో అదే కొనండి. ఇక్కడ పాత బండి అలవాటు పనిచేయదు. పొగగొట్టంలో మసి ఫిల్టరు ఉన్న బండిలో బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిల్ పోస్తే ఆ ఫిల్టరు పూడుకుపోతుంది. దాని ఖరీదు ముందు ఎన్ని ఆయిల్ డబ్బాల ఖరీదూ లెక్కలోకి రాదు.

2. "బయటిది" అంటే ఏదో తేల్చుకోండి

ట్రాక్టర్ కంపెనీలకు సొంత ఆయిల్ శుద్ధి కర్మాగారాలు ఉండవు. తమకు కావలసిన లక్షణాలు చెప్పి, ఆయిల్ కంపెనీల దగ్గర తయారు చేయించుకుని తమ పేరుతో అమ్ముతాయి. ఫిల్టర్లు కూడా చాలావరకు అంతే. మాలే, ఫ్లీట్‌గార్డ్, డొనాల్డ్‌సన్, ఎలోఫిక్, బాష్ లాంటి ఫిల్టర్ కంపెనీలు బండ్ల తయారీదార్లకూ సరఫరా చేస్తాయి, సొంత డబ్బాలో బజారులోనూ అమ్ముతాయి. మన పెద్దవాళ్లు ఇప్పటికీ "మైకో పంపు" అంటారే, ఆ మైకోయే 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది.

కాబట్టి బయటి సరుకంతా ఒకే గాట కట్టకూడదు. పేరున్న ఫిల్టర్ కంపెనీ సొంత డబ్బా, సర్వో, హెచ్‌పీ, మ్యాక్, క్యాస్ట్రాల్, గల్ఫ్, వీడాల్ లాంటి ఆయిల్ కంపెనీల సరుకు ఒక రకం. వీటి మీద గ్రేడు, తరగతి, బ్యాచ్ నంబరు స్పష్టంగా ఉంటాయి. ఊరూ పేరూ లేని ఫిల్టర్లు, డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ రెండో రకం. షోరూం డబ్బానే అచ్చుగుద్దినట్టు తయారుచేసిన డూప్లికేట్ మూడోది. నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం ఈ మూడోదే. పేరులేని ఫిల్టరు కొన్నవాడికి కనీసం ఏం కొన్నాడో తెలుసు. డూప్లికేట్ కొన్నవాడు కంపెనీ రేటు కట్టి, కంపెనీదే వేశానన్న ధైర్యంతో గంటలకు గంటలు నడిపేస్తాడు.

అందుకే షోరూందా, బయటిదా అని అడగక ముందు రెండు విషయాలు చూస్తాను. డబ్బా మీది నంబరు పుస్తకంలోని నంబరుకు సరిపోతుందా? అమ్మినవాడు పేరు, తేదీ వేసి బిల్లు ఇస్తాడా? ఈ రెండూ ఉంటే ముందుకు వెళతాను. ఏ ఒక్కటి లేకపోయినా షోరూం బోర్డు చూసి కూడా కొనను.

3. ఏది ఎక్కడ కొనాలి

ఎయిర్ ఫిల్టరు: ఇక్కడ రాజీ వద్దు. నల్లరేగడిలో రోటవేటర్ ఆడిస్తుంటే లేచే దుమ్ము మీకు తెలుసు, డ్రైవరు కనుబొమలు కూడా కనిపించవు. ఆ గాలినే ఇంజిన్ పీల్చుకుంటుంది.

కొన్నేళ్ల కింద నేను బజారులో ఒక షాపులో సగం ధరకు ఎయిర్ ఫిల్టరు కొన్నాను. డబ్బా మీద మా బండి మోడల్ పేరుంది, తయారీదారు పేరు లేదు. లోపల సరిగ్గానే కూర్చున్నట్టు అనిపించింది. రెండు నెలల తర్వాత డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ తగ్గిపోతోంది, బ్రీదరు గొట్టంలోంచి (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి వదిలే గొట్టం) పొగ కక్కుతోంది. మెకానిక్ ఎయిర్ క్లీనరు నుంచి ఇంజినుకు వెళ్లే రబ్బరు గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తిప్పి నా ముందు చాపాడు. వేలికొస నల్లగా, గంధం అద్దినట్టుంది. ఫిల్టరు దాటాక గొట్టం లోపల ఉండాల్సింది శుభ్రమైన గాలి, అక్కడ మా చేను మన్ను ఉంది. ఫిల్టరు మూతి దగ్గర రబ్బరు అంచు గట్టిపడి, ఒక పక్క వేలిగోరు దూరేంత సందు వదిలింది. కాగితం ఎంత మంచిదైతే ఏం లాభం, దుమ్ము ఆ సందులోంచి వెళ్లింది. ఇంజిన్ దింపి పిస్టన్లు, లైనర్లు, రింగులు మార్చాల్సి వచ్చింది. పని పోయిన రోజులు వేరే.

అప్పటి నుంచి ఎయిర్ ఫిల్టరు షోరూంలోనో, పేరున్న ఫిల్టర్ కంపెనీ డీలరు దగ్గరో మాత్రమే కొంటాను. కొత్తది వేశాక పది గంటలు నడిపి, గొట్టం విప్పి నేను కూడా వేలు పెట్టి చూస్తాను. మీరూ చూడండి, పైసా ఖర్చు లేదు. రెండు ఫిల్టర్లున్న బండిలో లోపలి చిన్నదాన్ని దులపకూడదు, ఊదకూడదు, మార్చడమే. బయటిదాన్ని ఊదాలంటే తక్కువ ఒత్తిడితో, లోపలి నుంచి బయటికి ఊదాలి. టైరుకు కొట్టో, నేలకేసి బాదో దులిపితే కాగితం చిరుగుతుంది, అంచు వంగుతుంది.

పాత బండ్లలో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు ఉంటుంది. దానికి కొనాల్సిన ఫిల్టరే లేదు. గిన్నె కడిగి, ఇంజిన్ ఆయిల్ గీత దాకా పోస్తే చాలు. గీత దాటి పోస్తే ఇంజిన్ ఆ ఆయిల్‌ని పీల్చుకుంటుంది. రోటవేటర్ సీజన్లో రోజూ మూత తీసి చూడండి.

డీజిల్ ఫిల్టర్లు: వీటిలోనూ రాజీ వద్దు, సీఆర్‌డీఐ బండికైతే అసలే వద్దు. మామూలు పంపు బండ్లలో చాలావాటికి రెండు ఫిల్టర్లు వరుసగా ఉంటాయి. మొదటిది పెద్ద మురికిని, నీటిని ఆపుతుంది, రెండోది సన్నటిదాన్ని ఆపుతుంది. పంపు, నాజిళ్లు సందు లేకుండా అమరి ఉండేవి. క్యాన్లలో తెచ్చి, గరాటుతో పోసే డీజిల్‌లో నీళ్లు, తుప్పు ఉంటాయి కాబట్టి మన బండ్లకు ఈ ఫిల్టర్ల మీద భారం ఎక్కువ. పంపు తయారుచేసిన కంపెనీ అమ్మే ఫిల్టరు బజారులో దొరికితే షోరూం దానికి బదులు నిశ్చింతగా వాడొచ్చు. కింద ఉన్న నీటి గిన్నెను వారానికోసారి వదలండి.

గేరు బాక్సు, హైడ్రాలిక్ ఆయిల్: ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పాత డ్రై బ్రేకుల బండ్లలో చాలావాటికి 90 గ్రేడు గేర్ ఆయిల్ సరిపోయేది. ఆయిల్ బ్రేకులున్న బండ్లలో గేర్లు, లిఫ్టు, బ్రేకు ప్లేట్లు మూడూ ఒకే ఆయిల్‌లో పనిచేస్తాయి. దాన్ని యూటీటీఓ అంటారు. గేర్ల మధ్య జారాలి, బ్రేకు ప్లేట్ల మధ్య పట్టు ఇవ్వాలి. ఈ రెండు ఎదురుబొదురు పనులూ ఒకే ఆయిల్ చేయాలంటే అందులో ప్రత్యేకమైన రసాయనాలు కలపాలి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కినప్పుడు గుర్రుమని మోత వస్తుంది, ప్లేట్లు అరిగిపోతాయి, లిఫ్టు బద్ధకిస్తుంది.

యూటీటీఓ అని రాసి ఉంటే చాలదు. పుస్తకంలో కంపెనీ స్పెసిఫికేషన్ నంబరు ఉంటుంది, ఉదాహరణకు జాన్ డీర్ బండ్లకు జేడీఎం జే20సీ. బయటి డబ్బా వెనకవైపు ఆ నంబరే కనిపించాలి. "అన్ని ట్రాక్టర్లకూ పనికొస్తుంది" అన్న మాటతో తృప్తి పడకండి. ఆ మాటను నమ్మి మోసపోవడం మనకే పరిమితం కాదు. అమెరికాలో 303 పేరుతో పసుపు బకెట్లలో చవక ట్రాక్టర్ ఆయిల్ ఏళ్ల తరబడి అమ్మారు. ఆ 303 ఎప్పుడో 1970ల్లోనే వాడుకలోంచి పోయిన స్పెసిఫికేషన్. అసలు దానిలో తిమింగలం నూనె ఉండేది, ఆ నూనె వాడకం ఆగిపోయాక ఆ స్పెసిఫికేషన్ పెట్టిన జాన్ డీర్ కంపెనీయే దాన్ని వదిలేసింది. పేరు మాత్రం బకెట్ల మీద బతికింది. చివరికి 2017లో మిస్సోరి రాష్ట్రం ఆ సరుకు అమ్మకాన్ని ఆపింది.

నంబరు సరిపోతే పెద్ద ఆయిల్ కంపెనీల యూటీటీఓ పోయడానికి నేను వెనకాడను. కానీ సగం అది, సగం ఇది కలపను. మార్చిన రోజు పూర్తిగా వదిలి, హైడ్రాలిక్ ఫిల్టరు మార్చి, జాలీ కడిగి కొత్తది పోస్తాను. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. కిరాయికి తెచ్చిన టిప్పింగ్ ట్రక్కు పైపు మన బండికి తగిలిస్తే, దాని జాకీలో ఉన్న ఎవరిదో ఆయిల్ మన గేరు బాక్సులోకి వచ్చేస్తుంది. దమ్ములో నీళ్లు దిగినా ఆయిల్ రంగు పాలు కలిపిన కాఫీలా మారుతుంది. అప్పుడు గంటలు లెక్కపెట్టకుండా వెంటనే మార్చాలి.

ఇంజిన్ ఆయిల్: ఇక్కడ మీకు స్వేచ్ఛ ఉంది. గ్రేడు, తరగతి సరిపోయి, సీలున్న డబ్బా అయితే పెట్రోల్ బంకులో దొరికే ప్రభుత్వ కంపెనీ ఆయిల్ ఇంజినుకు చక్కగా సరిపోతుంది. వేళ్ల మధ్య రాసి "చిక్కగా ఉంది, మంచిది" అనుకోవద్దు, నాణ్యత వేళ్లకు తెలియదు. "యాభై గంటలకే నల్లబడింది, నాసిరకం" అనడమూ తప్పే. డీజిల్ ఇంజిన్లో మసి పుడుతుంది, దాన్ని గోడలకు అంటకుండా తనలో పట్టి ఉంచడమే ఆయిల్ పని. అందుకే నల్లబడుతుంది.

ఆయిల్ ఫిల్టరు: పేరున్న కంపెనీది ఏదైనా సరే, పేరులేనిది వద్దు. దాని లోపల కాగితంతో పాటు రెండు చిన్న వాల్వులుంటాయి. ఇంజిన్ ఆపాక ఆయిల్ కిందికి జారిపోకుండా ఒకటి ఆపుతుంది. ఫిల్టరు పూడుకుపోతే రెండోది తెరుచుకుని, వడకట్టకపోయినా సరే ఆయిల్‌ని బేరింగులకు పంపుతుంది. నాసిరకం ఫిల్టర్లలో ఈ వాల్వులే సరిగా ఉండవు. కొత్త ఫిల్టరు వేశాక, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ లైటు మునుపటికంటే ఎక్కువసేపు వెలిగితే మొదట ఫిల్టరునే అనుమానించండి.

కూలెంట్: బయటిది కొనొచ్చు, కానీ బోరు నీళ్లు పోయొద్దు. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీటికి బిందెల్లో తెల్లటి పొర కడుతుంది. అదే పొర రేడియేటర్లోనూ కడుతుంది. కలిపే రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి, సిద్ధంగా కలిపి అమ్మేదైతే నీళ్లు చేర్చకండి. రంగు చూసి రెండు రకాలు కలపొద్దు.

గ్రీజు, రోటవేటర్ గేరు బాక్సు ఆయిల్: పుస్తకంలో ఉన్న గ్రేడు చూసి చవకైన మంచి కంపెనీది కొనేయండి. ఖరీదైన గ్రీజు నెలకోసారి కొట్టేకంటే మామూలు గ్రీజు రోజూ కొట్టడం మేలు, దమ్ములోనైతే పూటపూటా కొట్టాలి.

4. గంటకు లెక్క వేయండి

డబ్బా రేటు చూస్తే తేడా పెద్దగా అనిపిస్తుంది. గంటలతో భాగించి చూడండి. ఇంజినుకు 8 లీటర్లు పడతాయి, షోరూం ఆయిల్‌కూ బయటి మంచి ఆయిల్‌కూ లీటరుకు 80 రూపాయల తేడా, ఫిల్టరుకు 150 తేడా అనుకుందాం. మొత్తం 790. 250 గంటలకు మార్చితే గంటకు 3 రూపాయల 16 పైసలు. ఆ గంటలో బండి తాగే డీజిల్ ముందు ఇది చిల్లర.

సొంత పొలానికే ఏడాదికి మూడు నాలుగు వందల గంటలు నడిపేవారికి ఈ తేడా కోసం తిరగడం దండగ, దగ్గర్లో ఏది నమ్మకంగా దొరికితే అది వాడండి. కిరాయికి ఏడాదికి వెయ్యి గంటలు తిప్పేవారికి అదే తేడా 3,160 రూపాయలు అవుతుంది. రెండు మూడు బండ్లుంటే ఇంకా ఎక్కువ. వాళ్లు బయటి మంచి ఆయిల్‌కు మారడంలో అర్థముంది. అంతేకానీ ఆ మిగులు కోసం పేరులేని ఎయిర్ ఫిల్టరుకు దిగకండి, దాని తేడా గంటకు పైసల్లోనే ఉంటుంది.

5. వారంటీ ఉన్నన్నాళ్లు

వారంటీ కాలంలో నా సలహా ఒక్కటే: సర్వీసులు షోరూంలో చేయించండి, వాళ్ల ఆయిల్, ఫిల్టర్లే వేయించండి. ముఖ్యంగా 50 గంటలకు వచ్చే మొదటి సర్వీసు తప్పించొద్దు. బయటిది వేస్తే వారంటీ దానంతటదే పోతుందని కాదు. రేపు ఇంజిన్లో ఏదైనా జరిగితే వాదన ఆయిల్ మీదికి మళ్లకూడదని.

చట్టం వైపు నుంచి కొంత అండ ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆదేశంలో, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టరాదని చెప్పింది. అది కార్ల కేసు, ట్రాక్టర్ల గురించి నేరుగా ఇచ్చింది కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ యంత్రాలనూ అందులో చేర్చింది. షోరూం దూరమై బయట మార్పించక తప్పకపోతే డబ్బా మీద స్పెసిఫికేషన్ ఫొటో, బిల్లు, మీటరు ఫొటో దాచుకోండి. అన్యాయంగా వారంటీ కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

6. కౌంటర్ దగ్గర చూడాల్సినవి

డబ్బా మూత కింద రేకు సీలు ఉందా, మూత చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగు తెగకుండా ఉందా చూడండి. బ్యాచ్, తయారీ తేదీ, ఎమ్మార్పీ డబ్బా మీదే అచ్చయి ఉండాలి. క్యూఆర్ కోడ్ లేదా గీకే నంబరు ఉంటే షాపులోనే సరిచూడండి. అచ్చులో అక్షరదోషాలు, పక్కకు జరిగిన రంగులు ఉంటే తిరిగి ఇచ్చేయండి.

ఫిల్టరైతే పాతది చేత్తో తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చండి: ఎత్తు, మరలు, రబ్బరు అంచు మందం, మడతల సంఖ్య. బొటనవేలితో రబ్బరు అంచు నొక్కితే మెత్తగా వెనక్కి రావాలి. మడతలు సమాన దూరంలో, చివర్లలో జిగురు తెగకుండా ఉండాలి. బరువు మరీ తేలిగ్గా ఉన్నా అనుమానించండి.

మెకానిక్ తెచ్చేదైతే సీలు మీ కళ్ల ముందే తీయమనండి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు. ఖాళీ అయిన డబ్బాకు మేకుతో చిల్లి పెట్టి పడేయండి. డూప్లికేట్ చేసేవాళ్లకు మన ఖాళీ డబ్బాలే ముడిసరుకు.

7. మార్చేటప్పుడు, మార్చాక

ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ వదలండి, మురికి కూడా వస్తుంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు ఆయిల్ రాసి, అంచు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు బిగించండి, పానా పెట్టొద్దు. పాత ఫిల్టరు రబ్బరు ఇంజినుకే అతుక్కుని ఉండిపోయిందేమో చూడండి. రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడితే ఆయిల్ చిమ్ముతుంది. డీజిల్ ఫిల్టరు మార్చాక చేతి పంపుతో గాలి బుడగలు ఆగేదాకా కొట్టండి. సీఆర్‌డీఐ బండిలో నాజిల్ పైపులు మాత్రం వదులు చేయొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పాత ఆయిల్ కాలువలో పారబోయకండి, కొనేవాళ్లున్నారు.

తీసిన ఆయిల్ ఫిల్టరును కోసి చూడటం అలవాటు చేసుకోండి. రేకు కోసి, కాగితం మడతలు ఎండలో విప్పి చూస్తే ఇంజిన్ లోపలి సంగతి తెలుస్తుంది. నల్లటి మసి మామూలే. మెరిసే రజను కనిపిస్తే మెకానిక్‌కు చూపించాలి. హాక్‌సాతో కోస్తే తెగిన రేకు రజను లోపల పడుతుంది, దాన్ని ఇంజిన్‌దిగా పొరబడకండి. రెండు కంపెనీల ఫిల్టర్లు ఇలా పక్కపక్కన కోసి చూస్తే ఏది నిలిచిందో, ఏ దాంట్లో మడతలు నలిగి ఒకదానికొకటి అతుక్కున్నాయో మీకే కనిపిస్తుంది. నేను ఫిల్టర్ కంపెనీని ఎంచుకున్నది ఈ పోలికతోనే.

చివరిగా, కొత్త ఫిల్టరు మీద మార్కర్‌తో తేదీ, మీటరు గంటలు రాయండి. అవే ఒక నోటు పుస్తకంలో, డబ్బా పేరు, బ్యాచ్ నంబరుతో సహా ఎక్కించి బిల్లు అందులో పిన్ను కొట్టండి. ఆ పుస్తకం ఇంట్లో పెట్టండి. సీటు కింద పెట్టిన నా మొదటి పుస్తకం ఒక్క దమ్ముకే తడిసి ముద్దయింది.